తెమరి: మనవరాలి కోసం చుట్టే దారపు బంతి

తెమరి అంటే దారంతో గట్టిగా చుట్టి, పైన రంగు దారాలతో నమూనాలు కుట్టిన బంతి. జపాన్‌లో తరతరాలుగా అమ్మమ్మలు, నాయనమ్మలు మనవరాళ్ల కోసం చేస్తూ వచ్చిన వస్తువు ఇది. అరచేతిలో ఇమిడే ఆ బంతి మీద ఒకచోట చేమంతి రేకులు విచ్చుకుంటాయి, ఇంకోచోట నక్షత్రాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. చూసేవాళ్ల కన్ను ఆ కుట్టు దగ్గరే ఆగిపోతుంది. చేసేవాళ్ల శ్రమలో సగానికి పైగా మాత్రం కుట్టు కిందే ఉండిపోతుంది. బంతిని గుండ్రంగా తేవడం, దాని మీద గీతలు కొలిచి పెట్టడం అసలు పని. తెమరి బాగా వచ్చిందో లేదో అక్కడే తేలిపోతుంది, పైన వాడిన పట్టుదారం ఎంత ఖరీదైనదైనా సరే.

దీని పుట్టుక ఆటలో ఉంది. దాదాపు 1400 ఏళ్ల కిందట చైనా నుంచి కెమరి అనే ఆట జపాన్ రాజాస్థానానికి చేరింది. లేడితోలు బంతిని నేలమీద పడనివ్వకుండా కాలితో ఎగరేస్తూ ఉండటమే ఆ ఆట. చేత్తో ఆడే బంతి ఆ తర్వాత వచ్చింది. పాత కిమోనోల పేలికలను ఉండగా చుట్టి, విడిపోకుండా పైన దారం బిగించేవారు. 1603 నుంచి 1868 దాకా సాగిన ఎదో యుగంలో ప్రభువుల ఇళ్లలో కొలువుండే స్త్రీలు ఆ పైదారాన్నే పట్టుతో నమూనాలుగా తీర్చడం మొదలుపెట్టారు. అలాంటి బంతులను గొతెన్‌మరి అన్నారు, అంటే రాజభవనపు బంతులని. అదే కాలంలో పత్తి సాగు పెరిగి నూలుదారం సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. పట్టు ముఖం చూడని ఇళ్లలో కూడా పిల్లలకు బంతి దొరికింది. నూలుతో బిగించి చుట్టిన బంతిని నేలకేసి కొడితే చక్కగా ఎగురుతుంది. ఆడపిల్లలు పాట పాడుకుంటూ, పాటలో లెక్క తప్పకుండా బంతిని అరచేత్తో కొట్టేవారు. ఆ పాటలను తెమరి ఉత అంటారు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు పాటలున్నాయి.

తెమరి పేరెత్తితే జపాన్‌లో చాలామందికి ర్యోకన్ గుర్తొస్తాడు. 1758లో ఎచిగొ ప్రాంతంలో, అంటే నేటి నీగతలో పుట్టి 1831లో కన్నుమూసిన జెన్ సన్యాసి ఆయన. గొప్ప కవి, చేతిరాతలో దిట్ట. భిక్షకు బయల్దేరి, దారిలో పిల్లలు కనిపిస్తే అంగీ చేతిలో దాచుకున్న బంతి తీసి వాళ్లతో ఆడుతూ కూర్చునేవాడు. ఆ మంచుసీమలో బంతి లోపల జెన్‌మయి అనే ఫెర్న్ మొక్క లేతచిగుళ్ల మీది నూగును కూరేవారు. ఆయన ముసలితనంలో శిష్యురాలైన తేషిన్ అనే సన్యాసిని మొదటిసారి పంపిన పద్యం కూడా తెమరి గురించే. ఆ గురుశిష్యుల పద్యాలను ఆయన పోయాక ఆమే గ్రంథంగా కూర్చింది.

1868 తర్వాత మేజీ యుగంలో రబ్బరు బంతి వచ్చింది. అది చవక, పైగా మరింత ఎత్తుకు ఎగురుతుంది. పిల్లలు దారపు బంతిని వదిలేశారు. ఆటలో వాడకం పోయింది కాబట్టి బంతి అరిగిపోతుందన్న బెంగ కూడా పోయింది. ఇక కుట్టులో ఎంత నగిషీ అయినా చూపించవచ్చు. తెమరి ఇచ్చిపుచ్చుకునే వస్తువుగా, దాచుకునే గుర్తుగా నిలబడింది ఇలాగే. ఆటవస్తువుగా ఓడిపోకపోయి ఉంటే ఈ కళ ఇంత దూరం వచ్చేది కాదనిపిస్తుంది.

ఊరిని బట్టి తీరు మారుతుంది. ఉత్తరాన అకితా ప్రాంతంలోని యురిహొంజో ఊరి బంతికి మూడు వైపులా కుచ్చులు వేలాడతాయి. షికోకు దీవిలో, నేటి కగవా ప్రాంతంలో చేసే సనుకి తెమరికి లోపల ఊకతో కట్టిన గుండె, పైన చెట్ల రంగులద్దిన నూలుదారం గుర్తులు. ఆ రంగులు మెత్తగా, కాస్త వెలిసినట్టు ఉంటాయి, అందం అదే. మత్సుమొతో నగరంలో వీధుల్లోని మ్యాన్‌హోల్ మూతల మీద కూడా తెమరి బొమ్మను పోత పోయించారు. కనజవాలో కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు రక్షగా తెమరి ఇచ్చే ఆచారం ఉంది. రెండో షోగన్ తొకుగవ హిదెతద కూతురు తమహిమె 1601లో అక్కడి మయెద వంశానికి కోడలై వస్తూ బంతి తెచ్చుకుందని, ఆచారం అప్పుడే పుట్టిందని స్థానికులు చెప్పుకుంటారు. పెళ్లినాటికి ఆ అమ్మాయి ఇంకా పసిబిడ్డ. ఆ బంతిని ఆడుకోవడానికే తెచ్చుకుని ఉంటుంది.

మనవరాలికి తెమరి చేసే ఆనవాయితీ బాగా పాతుకుపోయిన ఊరు యనగవ. క్యూషూ దీవిలో, ఫుకువోకా ప్రాంతంలో, కాలువల నడుమ కట్టిన ఊరు అది. జపాన్‌లో మార్చి 3న హినమత్సురి అనే ఆడపిల్లల బొమ్మల పండుగ జరుగుతుంది. మన బొమ్మల కొలువులాగే మెట్ల మీద ఎర్రగుడ్డ పరిచి, పై మెట్టు మీద చక్రవర్తిని, పట్టమహిషిని కూర్చోబెడతారు. ఆడపిల్ల పుట్టాక వచ్చే మొదటి పండుగకు యనగవలో ఆ కొలువు పక్కనే సగెమోన్ వేలాడాలి. ఎరుపు, తెలుపు గుడ్డ చుట్టిన వెదురు వలయం నుంచి ఏడు తాళ్లు దిగుతాయి. ఒక్కో తాడుకు ఏడేసి చొప్పున మొత్తం 49 గుడ్డబొమ్మలు, చిన్న తెమరులు. వలయం నడుమ రెండు పెద్ద తెమరులు. అన్నీ కలిపితే 51. మనిషి ఆయుష్షు 50 ఏళ్లనుకునే రోజుల్లో, ఈ పిల్ల మరో ఏడాది ఎక్కువ బతకాలని ఆ ఒక్కటి కలిపారని అక్కడివాళ్ల మాట. కొంగలు, తాబేళ్లు దీర్ఘాయుష్షుకు. రొయ్యను కూడా కుడతారు, నడుం వంగేదాకా బతకాలని. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్తలు, పక్కింటివాళ్లు తలా కొన్ని కుట్టి పంచుకుంటే తప్ప తెమిలే పని కాదు. ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 11 నుంచి ఏప్రిల్ 3 దాకా ఆ ఊళ్లో ఇళ్లలో, దుకాణాల్లో సగెమోన్‌లు వేలాడదీస్తారు. చూడటానికి దూరప్రాంతాల నుంచి జనం వస్తారు.

ఇజు ద్వీపకల్పపు తూర్పు తీరంలో ఇనతొరి అనే ఊళ్లోనూ ఇలాంటి ఆచారమే ఉంది. బొమ్మల కొలువు కొనలేని ఇళ్లలో పాత కిమోనో గుడ్డలతో బొమ్మలు కుట్టి వేలాడదీశారు. అక్కడ లెక్క వేరు: ఐదు తాళ్లు, తాడుకు 11 చొప్పున 55. అలాంటివి కొలువుకు అటొకటి ఇటొకటి. వాటిలో మిరపకాయ కూడా ఉంటుంది, పురుగు దరిచేరదని. చెడ్డ పురుషుడు ఆ పిల్ల జోలికి రాకూడదన్న పెద్దల కోరిక కూడా అందులో ఉంది. ఆ పిల్ల పెరిగి పెద్దదయ్యాక ఆ బొమ్మలన్నిటినీ కొత్త ఏడాది మంటలో వేసేవారట. అందుకే ఎదో కాలపు ఇనతొరి బొమ్మలు చాలా తక్కువగా మిగిలాయి. తెమరికి ఆ గతి లేదు. దాన్ని దాచుకుంటారు.

ఇక చేసే పద్ధతి. పనిలో నాలుగు దశలున్నాయి: గుండె కట్టడం, చుట్టడం, కొలిచి విభజించడం, కుట్టడం. మొదటిది ఊకతో. వరి పండే దేశంలో ఊకకు కరువుండదు. ఊకను బాగా ఎండబెట్టాలి, చెమ్మ ఉంటే లోపల బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. ఎండిన ఊకను పలచని కాగితంలోనో పాత నూలుగుడ్డలోనో పోసి, ముడిచి, రెండు అరచేతుల మధ్య దొర్లిస్తూ ఉండ చేయాలి. కొందరు నడుమ చిన్న గంట పెడతారు, లేదా చిన్న డబ్బీలో నాలుగు గింజలు వేసి మూసి ఉంచుతారు. బంతిని కదిపితే లోపల సవ్వడి చేస్తుంది. ఇంకో ఆచారం కూడా చెబుతారు. బిడ్డ గురించిన కోరికను చీటీ మీద రాసి గుండెలో పెట్టి పైన దారం చుట్టేస్తారు, ఏం రాశారో ఎవరికీ చెప్పరు. చదవాలంటే బంతిని నాశనం చేయాలి.

ఈ రోజుల్లో చాలామంది ఊక బదులు థర్మాకోల్ బంతి కొంటున్నారు. గుండ్రదనం ముందే వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు సుఖమే. కానీ పైన చుట్టిన పొర పలచనైతే సూది థర్మాకోల్‌లో ఇరుక్కుని కీచుమంటుంది, కుట్టు బిగువు కూడా నిలవదు. ఊక బంతి చేతికి కాస్త బరువుగా, నొక్కితే కొద్దిగా ఒదిగేలా ఉంటుంది. సూది అందులో మెత్తగా దిగుతుంది. దాచిపెట్టుకునే వస్తువు చేస్తున్నప్పుడు ఊకే మేలు.

రెండో దశ జిమకి, అంటే నేలదారం చుట్టడం. ముందు ఊలు, దాని మీద లావుపాటి నూలు, చివరగా సన్నని కుట్టుమిషను దారం. ఇక్కడ ఒకటే సూత్రం: ఒకసారి చుట్టిన దారిలో మళ్లీ చుట్టకూడదు. అలా చుడితే గట్టు లేస్తుంది, బంతి కోలగా సాగుతుంది. ప్రతి చుట్టుకూ బంతిని కొంచెం తిప్పుతూ దారాన్ని అన్ని దిక్కులకూ పోనివ్వాలి. మొదట్లో వదులుగా, పోనుపోను బిగువుగా. చివరి పొరకు కింది రంగు కనబడకుండా పోయేదాకా వందల మీటర్ల దారం పడుతుంది. విసుగు పుట్టించే పని ఇదే, తొందరపడకూడని పనీ ఇదే. మధ్యమధ్య బంతిని బల్ల మీద దొర్లిస్తూ, కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ ఎత్తుపల్లాలు వెతకాలి. పల్లం ఉన్నచోట దారం ఎక్కువగా పోనివ్వాలి. చుట్టడం అయ్యాక టేపుతో మూడు దిక్కుల్లో కొలవాలి. మూడు కొలతల్లో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఇంకా చుట్టాల్సిందే. తేడా ఉన్న బంతి మీద ఎంత గొప్ప చేయి కుట్టినా రేకులు ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా వస్తాయి.

మూడో దశ జివరి, అంటే కొలిచి విభజించడం. గోళానికి మూల లేదు, అంచు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది గుండుసూది మాత్రమే. వేలెడు వెడల్పు లేని కాగితపు పట్టీ ఒకటి కత్తిరించి, దాని కొసను బంతి మీద ఏదో ఒకచోట గుండుసూదితో గుచ్చాలి. అది ఉత్తర ధ్రువం. పట్టీని బంతి చుట్టూ తిప్పి మళ్లీ సూది దగ్గరికి వచ్చినచోట కత్తిరిస్తే చుట్టుకొలత వస్తుంది. చుట్టుకొలత 24 సెంటీమీటర్లు అనుకుంటే, పట్టీని సగానికి మడిస్తే 12, అక్కడ దక్షిణ ధ్రువం. మళ్లీ మడిస్తే 6, అక్కడ భూమధ్యరేఖ. దక్షిణ ధ్రువాన్ని ఒక్క దిక్కు నుంచే కొలిచి వదలకూడదు. పట్టీని బంతి చుట్టూ తిప్పుతూ నాలుగైదు దిక్కుల నుంచి చూస్తే సూది ఎటు జరగాలో తెలుస్తుంది. తర్వాత అదే పట్టీని భూమధ్యరేఖ చుట్టూ పెట్టి 16 భాగాలు చేయాలి, భాగానికి ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆ గుర్తుల మీదుగా ధ్రువం నుంచి ధ్రువానికి జరీ దారం సాగదీసి, ధ్రువాల దగ్గర చిన్న కుట్టుతో బిగిస్తే బంతి మీద 16 గీతలు తేలతాయి. గుండుసూదులకు రంగురంగుల తలలుంటే మంచిది. ధ్రువాలకు ఒక రంగు, మధ్యరేఖకు ఇంకో రంగు పెట్టుకుంటే తికమక ఉండదు.

నాలుగోది కగరి, అంటే కుట్టు. దీనికి పొడవాటి సూది, మూడు నాలుగు రంగుల ఎంబ్రాయిడరీ దారం చాలు. దారానికి ముడి వేయరు. మొదలుపెట్టాల్సిన చోటికి రెండు మూడు సెంటీమీటర్ల అవతల సూది గుచ్చి, నేలదారం కిందుగా పోనిచ్చి, కావాల్సిన చోట పైకి తీస్తారు. దారపు కొస లోపలే ఉండిపోతుంది. ముగింపు కూడా అంతే: సూదిని లోపలికి పోనిచ్చి దూరంగా తీసి, మిగిలిన దారాన్ని ఉపరితలానికి సమంగా కత్తిరిస్తారు. అన్ని రౌండ్లలోనూ సూది నేలదారంలో కొద్దిభాగాన్నే పట్టుకుంటుంది, లోతుకు పోదు. రంగుదారం బంతి మీద పరుచుకుని ఉంటుంది.

చేమంతి నమూనాకు హెరింగ్‌బోన్ కుట్టే ఆధారం, ఎంబ్రాయిడరీ తెలిసిన తెలుగు ఆడవాళ్లకు కొత్తది కాదు. ఒక గీత మీద ధ్రువానికి దగ్గరగా చిన్న కుట్టు, పక్క గీత మీద భూమధ్యరేఖ వైపు కుట్టు, ఆ పక్కది మళ్లీ పైన. ఇలా 16 గీతలు చుట్టివస్తే ఎనిమిది రేకులు. రెండో రౌండు మొదటిదాని వెలుపల, మూడోది రెండోదాని వెలుపల. ధ్రువం దగ్గర ప్రతి కొత్త కుట్టూ పాతవాటి కిందుగా సూదిని పోనిస్తుంది కాబట్టి అక్కడ దారాలు గుచ్ఛంలా పేరుకుని పువ్వు నడుమ భాగం ఏర్పడుతుంది. లోపలి రౌండ్లకు ముదురు రంగు, వెలుపలికి వచ్చేకొద్దీ లేత రంగు వాడితే పువ్వుకు లోతు వస్తుంది. దక్షిణాన కూడా ఇలాగే కుట్టి, రెండు పువ్వుల కొసలు కలిసేచోట భూమధ్యరేఖ మీద దారాన్ని పక్కపక్కన చుట్టి పట్టీ వేస్తారు. కిమోనో నడుంపట్టీ పేరే దానికీ పెట్టారు, ఒబి అని.

మనవళ్లకు, మనవరాళ్లకు చేసేవాటిలో ఎక్కువగా కనిపించే ఇంకో నమూనా అసనొహ, అంటే గంజాయి జాతికి చెందిన నారమొక్క ఆకు. ఆ మొక్క నిటారుగా, వేగంగా పెరుగుతుంది. బిడ్డ కూడా అలా పెరగాలని పసిపిల్లల బట్టల మీద ఆ ఆకు నమూనా వేయడం జపాన్‌లో పాత అలవాటు. అదే తెమరి మీదికీ వచ్చింది.

చేయి తిరిగినవాళ్లు బంతి మీద రెండు ధ్రువాలతో సరిపెట్టుకోరు. ఎటు తిప్పినా పువ్వు కనబడాలంటే 12 కేంద్రాలు కావాలి, పక్కపక్కనున్న ఏ రెంటి మధ్యా ఒకే దూరం ఉండేలా. గోళం మీద 12 బిందువులను సమంగా పరచడం అంటే గణితంలో ఇరవై ముఖాల ఘనరూపాన్ని గీయడమే. ఫుట్‌బాల్ మీద పంచభుజాలు 12, షడ్భుజాలు 20 ఉండటం వెనక కూడా ఈ లెక్కే ఉంది. దీనికి తెమరి చేసేవాళ్ల దగ్గర ఒక చిట్కా ఉంది: చుట్టుకొలతలో ఆరో వంతు తీసుకుని, దానికి చుట్టుకొలతలోనే నూరో వంతు కలపాలి. 24 సెంటీమీటర్ల బంతికి 4, దానికి 0.24 కలిపితే 4.24. త్రికోణమితితో కడితే వచ్చేది 4.23. ధ్రువాల మధ్య పది గీతలు వేసి, ఉత్తర ధ్రువం నుంచి ఒకటి విడిచి ఒకటి ఐదు గీతల మీద, దక్షిణం నుంచి మిగిలిన ఐదు గీతల మీద ఆ దూరం కొలిచి సూదులు గుచ్చితే పది బిందువులు, ధ్రువాలతో కలిపి 12. వాటిని జరీతో కలుపుతూ పోతే బంతి మొత్తం 120 చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది. త్రికోణమితి ఎరగని ముసలమ్మల చేతుల్లో అర మిల్లీమీటరు తేడా రాకుండా నిలిచిన లెక్క ఇది. పాఠశాలల్లో గోళాన్ని నేర్పడానికి ఇంతకంటే మంచి బోధనోపకరణం దొరకడం కష్టం.

పని ముగిశాక గుండుసూదులు లెక్కపెట్టాలి. ఎన్ని గుచ్చారో అన్నీ బయటికి రావాలి. దారం పొరల్లో తల మునిగిపోయిన సూది ఒక్కటి మిగిలినా పసిబిడ్డ ఉన్న ఇంట్లో ప్రమాదం. అందుకే అనుభవజ్ఞులు మొదలుపెట్టే ముందే సూదుల లెక్క రాసిపెట్టుకుంటారు.

నిలవ చేయడానికి పెద్ద జాగ్రత్తలేమీ అక్కర్లేదు. నేరుగా ఎండ పడేచోట పెడితే రంగు వెలుస్తుంది, ముఖ్యంగా చెట్ల రంగులు. మురికి చేత్తో పట్టుకుంటే పట్టుదారం నల్లబడుతుంది, ఉతికే వీలు లేదు. లోపల ఊలు ఉంది కాబట్టి పెట్టెలో దాచేటప్పుడు రెండు కలరా ఉండలు వేయాలి, బిడ్డ చేతికి అందని ఎత్తులో. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు.

మొదటిసారి చేయబోయేవాళ్లు 12 కేంద్రాల జోలికి పోకపోవడమే మంచిది. 24 సెంటీమీటర్ల బంతి, 16 గీతలు, రెండు చేమంతులు, నడుమ ఒక పట్టీ. వేళ్లకు అలవాటు కావడానికి ఇంతకంటే చిన్న బంతి పనికిరాదు, కుట్లు ఇరుకైపోతాయి. ఒక ముఖ్యమైన మాట. నోట్లో ప్రతిదీ పెట్టుకునే వయసులో ఉన్న బిడ్డకు తెమరిని ఆడుకోవడానికి ఇవ్వకూడదు, దారాలు ఊడి గొంతులో చిక్కుకోవచ్చు. అప్పటిదాకా యనగవ వాళ్లలా పైన వేలాడదీసి చూపిస్తే సరిపోతుంది.